చేతి కండలకు డంబెలా, రాడ్డా: అసలు తేడా ఎక్కడుంది?

క్లుప్తంగా: కండ పెరగడం పరికరం పేరు మీద ఆధారపడదు. బరువును ఎంత చిన్న మెట్లలో పెంచగలం, మణికట్టు, మోచేయి నొప్పి లేకుండా ఎన్ని నెలలు కొనసాగించగలం అన్నదే ముఖ్యం. చేతి ముందువైపు కండకు డంబెల్, వంపులున్న జిగ్‌జాగ్ రాడ్ బాగా నప్పుతాయి. వెనకవైపు ట్రైసెప్స్‌కు నెట్టే వ్యాయామాల్లో రాడ్‌దే పైచేయి. ఇంట్లో ఒకే ఒక్కటి కొనాలంటే ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ జత, దాంతో పాటు తప్పనిసరిగా కొన్ని చిన్న ప్లేట్లు.

జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు, ఇంట్లోనే సామాను పెట్టుకుందామనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఒక వీడియోలో రాడ్‌తోనే చేతులు లావెక్కుతాయంటారు, తర్వాతి వీడియోలో డంబెల్ లేనిదే బైసెప్స్ రాదంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే జిమ్‌లు తాము కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసేయడంతో ఆ తగ్గింపు మొత్తం ఫీజులో కనిపించాలని లేదు. దాంతో జిమ్‌కు కట్టడమా, ఆ డబ్బుతో ఇంటికే సామాను తెచ్చుకోవడమా అన్న లెక్క మళ్లీ మొదలైంది. ఇంటికే అనుకున్నవాళ్లకు ఏది కొనాలన్న చిక్కు ఉండనే ఉంది.

చిక్కుకు ఒక కారణం, ప్రశ్నను తప్పుగా వేసుకోవడం. ‘చేయి’ అంటే ఒకే కండ కాదు. దాని ముందువైపు కోరేది ఒకటి, వెనకవైపు కోరేది మరొకటి. రెండింటికీ కలిపి ఒకే జవాబు వెతికితే వాదన ఎప్పటికీ తెగదు.

## చేతిలో ఏ కండ ఏం చేస్తుంది

మోచేతికి పైన, ముందువైపు ఉబ్బెత్తుగా కనిపించేది బైసెప్స్. దానికి రెండు పాయలు. అది మోచేతిని మడుస్తుంది, అంతే ముఖ్యంగా అరచేతిని పైకి తిప్పుతుంది. తాళం తిప్పేటప్పుడు, స్క్రూ బిగించేటప్పుడు కుడిచేతిలో పనిచేసేది ఈ రెండో గుణమే. బైసెప్స్ కింద దాక్కుని బ్రాకియాలిస్ అనే మరో కండ ఉంటుంది. అది అంటుకునేది ముంజేతిలోని తిరగని ఎముకకు. అందుకే అరచేయి ఎటు తిరిగినా మోచేతిని మడిచే పనిలో దానికి తేడా ఉండదు. మోచేతి నుంచి బొటనవేలి వైపుగా ముంజేతి మీదుగా సాగేది బ్రాకియోరేడియాలిస్. సుత్తి పట్టుకున్నట్టు బొటనవేలు పైకి ఉన్నప్పుడు, అరచేయి కిందికి ఉన్నప్పుడు దాని వాటా పెరుగుతుంది.

వెనకవైపు ట్రైసెప్స్. మూడు పాయలు కలిసి మోచేతిని చాపుతాయి. పరిమాణంలో ఇది బైసెప్స్ కన్నా పెద్దది. టేపుతో కొలిచే చేతి చుట్టుకొలత పెంచుకోవాలనుకునేవాళ్లు మోచేయి మడిచి బరువు ఎత్తే కర్ల్స్ మీదే సమయమంతా పెట్టడం వల్ల పోగొట్టుకునేది ఇక్కడే. ట్రైసెప్స్‌లోని పొడవు పాయ మోచేతితో ఆగదు, భుజం కీలును కూడా దాటి వెళ్లి రెక్క ఎముకకు అంటుకుంటుంది. చేయి తలపైకి ఎత్తినప్పుడు అది సాగుతుంది. ఈ చిన్న వివరం పరికరం ఎంపికను బాగానే ప్రభావితం చేస్తుంది.

## బరువు ఒకటే, భారం మాత్రం మారుతుంది

ఫ్రీ వెయిట్ అంటే నేల వైపు మాత్రమే లాగే బరువు. మెషీన్‌లో కేబుల్, కప్పీ కలిసి లాగే దిశను మార్చగలవు. డంబెల్‌కు, రాడ్‌కు ఆ వీలు లేదు. కాబట్టి కండ మీద పడే భారం ఒంటి భంగిమను బట్టే మారుతుంది. నీళ్లబిందెను నడుముకు ఆనించి మోయడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

లెక్క వేస్తే మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అరచేతిలోని బరువు మోచేతి కీలు నుంచి సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బైసెప్స్‌ను ఎముకకు కలిపే స్నాయువు కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దగ్గరే ఎముకను లాగుతుంది. ముంజేయి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు 10 కిలోల డంబెల్‌ను నిలబెట్టాలంటే కండలు దాదాపు ఏడింతలు, అంటే 70 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. చేయి కిందికి వేలాడుతున్నప్పుడు, పూర్తిగా మడిచి భుజం దగ్గరకు తెచ్చినప్పుడు ఆ భారం చాలావరకు తగ్గిపోతుంది. నిలబడి చేసే కర్ల్‌లో మధ్యలో మాత్రమే కష్టంగా అనిపించడానికి కారణం ఇదే. కష్టమైన ఆ మధ్య భాగాన్ని నడుము ఊపి దాటించేస్తే బరువు పైకి వెళ్తుంది గానీ కండకు అందాల్సిన పని అందదు.

చేయి ఉంచే చోటు మారిస్తే ఈ కష్టమైన బిందువు కూడా జరుగుతుంది. ఏటవాలు బల్ల మీద మోచేతులు ఆనించి చేసే ప్రీచర్ కర్ల్‌లో భారం కింది సగంలోకి వస్తుంది. వెనక్కి వాలిన బెంచీ మీద కూర్చుని చేతులు వెనక్కి వదిలేసి చేసే కర్ల్‌లో బైసెప్స్ పొడవు పాయ సాగిన స్థితిలో పనిచేస్తుంది. మొదటిది రాడ్‌తోనూ డంబెల్‌తోనూ చేయొచ్చు. రెండోదానికి డంబెల్సే కావాలి, ఎందుకంటే రాడ్ తొడలకు తగిలి ఆగిపోతుంది.

## కర్ల్ కోసం: తిన్నని రాడ్, జిగ్‌జాగ్ రాడ్, డంబెల్

తిన్నని రాడ్‌ను అరచేతులు పైకి ఉండేలా పట్టుకుంటే రెండు చేతులూ పూర్తిగా తిరిగి ఉండాలి. బైసెప్స్‌కు ఇది మంచి స్థితే. ఇబ్బంది మణికట్టుకు వస్తుంది. చేయి చాచి అరచేయి ముందుకు పెడితే ముంజేయి ఒంటి నుంచి కొంచెం బయటికి వాలి ఉంటుంది. ఈ వాలు మనిషికో రకంగా ఉంటుంది, సాధారణంగా ఆడవాళ్లలో కొంత ఎక్కువ. తిన్నని రాడ్ ఈ వాలును ఒప్పుకోదు. రెండు చేతుల్నీ ఒకే గీత మీద బిగించేస్తుంది. ఆ ఒత్తిడిని మణికట్టు, మోచేతి లోపలివైపు పంచుకుంటాయి. కొందరికి ఎన్నేళ్లు చేసినా ఏమీ కాదు, కొందరికి మొదటి నెలలోనే నొప్పి మొదలవుతుంది. అది బలహీనత కాదు, ఎముకల అమరికలో తేడా.

ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చిందే జిగ్‌జాగ్ రాడ్. ఈజెడ్ బార్ అని కూడా అంటారు. దాని వంపుల వల్ల అరచేతులు కాస్త లోపలికి తిరిగి, మణికట్టు తేలికపడుతుంది. బదులుగా అరచేయి పూర్తిగా పైకి తిరగదు కాబట్టి బైసెప్స్ పని కొంచెం తగ్గి, బ్రాకియోరేడియాలిస్ వాటా పెరుగుతుందని చాలామంది భావిస్తారు. 2018లో ఇటలీ పరిశోధకులు కండల్లోని విద్యుత్ సంకేతాలను కొలిచి మూడింటినీ పోల్చారు. జిగ్‌జాగ్ రాడ్‌కు, తిన్నని రాడ్‌కు మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. డంబెల్ కర్ల్‌తో పోలిస్తే జిగ్‌జాగ్ రాడ్‌లోనే బైసెప్స్, బ్రాకియోరేడియాలిస్ రెండూ ఎక్కువ చురుగ్గా కనిపించాయి. వంపు వల్ల నష్టం ఉంటుందన్న భయానికి పెద్దగా ఆధారం లేదని దీన్నిబట్టి అనుకోవచ్చు. అలాగని సంకేతం బలంగా వచ్చిన ప్రతిచోటా కండ కూడా అంతే ఎక్కువగా పెరుగుతుందని చెప్పలేం. ఆ ఒక్క ముక్క వదిలేసి ‘ఇదే నంబర్ వన్’ అని ప్రకటించే వీడియోలు చూసేవాళ్లను తప్పుదారి పట్టిస్తున్నాయి.

డంబెల్ ఇచ్చేది స్వేచ్ఛ. ప్రతి చేయీ తనకు సౌకర్యమైన కోణాన్ని తానే వెతుక్కుంటుంది. నొప్పి ఉన్నవాళ్లకు ఇదే పెద్ద వరం. ఒకే సెట్‌లో, అంటే ఆగకుండా వరుసగా చేసే ఒక విడతలో, బొటనవేలు పైకి పెట్టి మొదలుపెట్టి, మధ్యలో అరచేయి తిప్పి ముగించవచ్చు. బొటనవేలు పైకే ఉంచి హ్యామర్ కర్ల్ చేస్తే బ్రాకియాలిస్, ముంజేయి పని చేస్తాయి. ఒక చేయి బలహీనంగా ఉంటే రాడ్‌లో రెండో చేయి దాన్ని కప్పిపుచ్చుతుంది, డంబెల్‌లో అది కుదరదు. బలహీనమైన చేతితో మొదలుపెట్టి, అది ఎన్నిసార్లు చేస్తే రెండోదీ అన్నేసార్లు చేయడం చాలామంది కోచ్‌లు పాటించే పద్ధతి.

అయితే డంబెల్ గురించి చెప్పే ఒక మాటను కొంచెం సవరించుకోవాలి. అరచేయి తిప్పడం వల్ల బైసెప్స్‌లోని తిప్పే గుణానికి కూడా వ్యాయామం అవుతుందంటారు. డంబెల్‌ను సరిగ్గా మధ్యలో పట్టుకుంటే రెండు వైపులా బరువు సమానం కాబట్టి తిప్పడానికి దాదాపు ఏ అడ్డూ ఉండదు. తిరగడానికి డంబెల్ అనుమతిస్తుంది, అంతే. నిజంగా అడ్డు కావాలంటే చేతిని బొటనవేలి వైపు ప్లేటుకు ఆనేలా జరిపి పట్టుకోవాలి. అప్పుడు చిటికెనవేలి వైపు పొడవు, భారం పెరిగి, ఆ వైపును పైకి తిప్పడానికి బైసెప్స్ కష్టపడాల్సి వస్తుంది. ఖర్చు లేని మార్పు ఇది, కానీ చేసేవాళ్లు తక్కువ.

## ట్రైసెప్స్ దగ్గర లెక్క తిరగబడుతుంది

ముందువైపు కండకు డంబెల్ స్వేచ్ఛ లాభమైతే, వెనకవైపు కండకు అదే స్వేచ్ఛ కొన్నిచోట్ల నష్టం.

బెంచీ మీద పడుకుని బరువును పైకి నెట్టే బెంచ్ ప్రెస్ ఉదాహరణ తీసుకుంటే, రాడ్‌ను పైకి నెట్టేటప్పుడు చేతులు కేవలం పైకే నెట్టవు, తెలియకుండానే బయటికి కూడా నెడతాయి. రాడ్ సాగదు కాబట్టి ఆ బయటి బలం వృథా కాదు. మోచేతిని చాపడానికి ట్రైసెప్స్ తన శక్తినంతా పెట్టగలుగుతుంది. డంబెల్స్‌తో అదే పని చేస్తే బరువులు రెండూ చెరో పక్కకు జారిపోతాయి. వాటిని మధ్యలో నిలపడానికి ట్రైసెప్స్ కొంత తగ్గాలి, బైసెప్స్ కొంత బిగుసుకోవాలి. 2011లో నార్వే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఇదే కనిపించింది. డంబెల్ ప్రెస్‌లో గరిష్ఠంగా ఎత్తగలిగిన బరువు రాడ్‌తో పోలిస్తే 17 శాతం తగ్గింది. ట్రైసెప్స్ చురుకుదనం తగ్గింది, బైసెప్స్‌ది పెరిగింది. ఛాతీ కండ మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకేలా పనిచేసింది.

కాబట్టి వెనకవైపు కండ లక్ష్యమైతే, చేతులను భుజాల వెడల్పులో పెట్టి రాడ్‌తో చేసే క్లోజ్ గ్రిప్ ప్రెస్‌కు విలువ ఎక్కువ. చేతులు రెండూ ఆనుకునేంత దగ్గరగా పెట్టమని కొందరు చెబుతారు. దానివల్ల ట్రైసెప్స్‌కు అదనంగా వచ్చేది తక్కువ, మణికట్టుకు వచ్చే బాధ ఎక్కువ.

పొడవు పాయ కోసం మాత్రం చేయి తలపైకి వెళ్లాల్సిందే. 2022లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన 12 వారాల అధ్యయనంలో ఒకే మనిషి ఒక చేతిని తలపైన పెట్టి, రెండో చేతిని ఒంటి పక్కన పెట్టి మోచేయి చాపే వ్యాయామం చేశారు. తలపైన చేసిన చేతికి వాడిన బరువు తక్కువే అయినా ట్రైసెప్స్ అందులోనే ఎక్కువ పెరిగింది. వాళ్లు వాడింది కేబుల్. అయినా సాగిన స్థితిలో కండకు భారం అందాలన్న సూత్రం ఫ్రీ వెయిట్‌కూ వర్తిస్తుంది. ఒక డంబెల్‌ను రెండు చేతులతో పట్టుకుని తల వెనక్కి దించి ఎత్తడం ఇందుకు అందరికీ వీలైన మార్గం. జిగ్‌జాగ్ రాడ్‌తోనూ బాగుంటుంది. తిన్నని రాడ్‌తో మోచేతులు పక్కలకు తెరుచుకుంటాయి, మణికట్టు పట్టేస్తుంది.

## అసలు అడ్డంకి: 2.5 కిలోల మెట్టు

పరికరాల వాదనలో దాదాపు ఎవరూ మాట్లాడని విషయం ఇది. అయినా నెలల తరబడి చేతులు పెరగకుండా ఆగిపోవడానికి తరచూ కారణం ఇదే.

కండ పెరగాలంటే దాని మీద పడే పని కాలక్రమంలో పెరగాలి. జిమ్‌లో డంబెల్స్ సాధారణంగా 2.5 కిలోల తేడాతో వరుసగా పెట్టి ఉంటాయి. కాళ్ల వ్యాయామంలో 80 కిలోలకు 2.5 కిలోలు కలిపితే పెరిగేది మూడు శాతం చిల్లరే. ఒంటి చేత్తో 7.5 కిలోల కర్ల్ చేసేవాళ్లు తర్వాతి డంబెల్ అందుకుంటే ఒక్కసారిగా 33 శాతం పెరుగుతుంది. 10 నుంచి 12.5కు వెళ్తే 25 శాతం. చేతి కండలు చిన్నవి, అంత పెద్ద మెట్టు ఒకేసారి ఎక్కలేవు. ఫలితంగా చాలామంది ఏడాదంతా ఒకే డంబెల్‌తో ఉండిపోతారు, లేదా పెద్దది తీసుకుని నడుము ఊపుతూ ఎత్తుతారు. రెండు దారుల్లోనూ కండకు అందాల్సింది అందదు. బరువు తక్కువ ఎత్తగలిగే ఆడవాళ్లకు, పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్లకు ఈ మెట్టు మరీ అన్యాయంగా ఉంటుంది. 2.5 కిలోల నుంచి 5 కిలోలకు వెళ్లడమంటే బరువు రెట్టింపు కావడమే.

రాడ్ ఇక్కడ కొంత మేలు. మొత్తం 20 కిలోలు ఉన్న జిగ్‌జాగ్ రాడ్‌కు అటూ ఇటూ 1.25 కిలోల ప్లేటు వేస్తే పెరిగేది 12.5 శాతం. అటూ ఇటూ అర కిలో వేస్తే 5 శాతమే. ప్లేట్లు మార్చుకునే డంబెల్‌కూ ఇదే సౌకర్యం ఉంది. రెండు చివర్లా అర కిలో చొప్పున వేస్తే ఒక కిలో మాత్రమే పెరుగుతుంది. అందుకే 10 కిలోల ప్లేట్ల కోసం పెట్టే డబ్బులో కొంత ఈ అర కిలో ప్లేట్లకు మళ్లించడం తెలివైన పని. కొనేవాళ్లు అడగరు కాబట్టి చాలా షాపుల్లో అవి ముందు వరుసలో కనిపించవు. అడిగి తెప్పించుకోవాలి.

చిన్న ప్లేట్లు దొరకని జిమ్‌లో మరో దారి, బరువు మార్చకుండా రెప్స్, అంటే ఒక సెట్‌లో ఎత్తే సార్లు, పెంచడం. 8 రెప్స్ వచ్చే డంబెల్‌తోనే వారాల మీద 15 దాకా వెళ్లి, ఆ తర్వాత పెద్దదానికి మారితే అది మళ్లీ ఏడెనిమిది దగ్గర మొదలవుతుంది. ఇందులో నష్టమేమీ లేదు. తేలిక బరువుతో ఎక్కువ రెప్స్ చేసినా, ఎక్కువ బరువుతో తక్కువ రెప్స్ చేసినా సెట్ చివరికి ఇక రాదన్నంత దగ్గరగా వెళ్తే కండ పెరుగుదల దాదాపు సమానమేనని 2017లో వచ్చిన విస్తృత సమీక్ష చూపింది. వారానికి ఒక కండకు 10 లేదా అంతకు మించి సెట్లు చేసినవాళ్లలో పెరుగుదల ఎక్కువని అదే ఏడాది వచ్చిన మరో సమీక్ష చెప్పింది. ఫ్రీ వెయిట్స్‌ను మెషీన్లతో పోల్చిన 2023 నాటి సమీక్షలో కండ పెరుగుదలలో తేడా కనిపించలేదు. వీటిని కలిపి చూస్తే పరికరం ఎంపిక మీద పెట్టే ఆందోళనలో సగం, సెట్లు రాసుకునే పుస్తకం మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

## మల్లీశ్వరి ఎత్తిన రాడ్ కర్ల్స్ కోసం కాదు

తెలుగువాళ్లకు రాడ్ అనగానే గుర్తొచ్చేది కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. అంత బరువు తలపైకి వెళ్లిందంటే చేతుల బలమేనని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి ఆ ఎత్తులకు శక్తి ఇచ్చేవి కాళ్లు, తుంటి, వీపు. లాగేటప్పుడు మోచేతులు ముందే మడిస్తే కోచ్ తప్పుపడతారు. తలపైన మోచేయి వంగి ఉండగా దాన్ని ట్రైసెప్స్‌తో నెట్టి చాపితే నిబంధనల ప్రకారం ఆ ప్రయత్నమే చెల్లదు.

ఆ క్రీడకు వాడే మగవాళ్ల రాడ్ పొడవు 2.2 మీటర్లు, బరువు 20 కిలోలు. ఆడవాళ్లది 15 కిలోలు, పట్టు కూడా సన్నం. చివర్లు వేగంగా తిరగడానికి వీలుగా బేరింగులు లేదా బుష్‌లు ఉంటాయి, అందుకే ఖరీదు. చేతి కండల కోసం ఇవేవీ అక్కర్లేదు. పైగా ఏడడుగులు దాటిన రాడ్‌తో నిలబడి కర్ల్ చేస్తే చివర్లు ఊగుతూ ఉంటాయి, రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో అది గోడకో కిటికీకో తగులుతుంది. స్క్వాట్స్, డెడ్‌లిఫ్ట్ కూడా చేయాలనుకుంటేనే దానికి న్యాయం జరుగుతుంది. చేతులకు మూడు, నాలుగు అడుగుల రాడ్ సరిపోతుంది.

పైన పిడి ఉన్న ఇనప గుండు, కెటిల్‌బెల్ సంగతి ఇంకా తేలిక. రష్యాలో 16 కిలోలకు కాస్త ఎక్కువైన పూడ్ అనే పాత కొలత ప్రకారం పుట్టిన బరువు అది. అందుకే 16, 24, 32 కిలోల సైజులు ఇప్పటికీ కనిపిస్తాయి. మధ్యలో నాలుగేసి కిలోల మెట్లు వచ్చినా చేతి కండలకు అవి పెద్దవే. బరువంతా పిడికిలి కింద వేలాడుతుంది కాబట్టి కర్ల్‌లో మణికట్టును వెనక్కి లాగుతుంది. ఊపి చేసే స్వింగ్‌లకు, మొత్తం ఒంటి దమ్ముకు అది చక్కని సాధనం. చేతుల కోసమే కొనడానికి కారణం కనిపించదు.

## కొనేటప్పుడు చూడాల్సినవి

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే ‘20 కిలోల హోమ్ జిమ్ సెట్’లలో ప్లేట్లు చాలావరకు పీవీసీ తొడుగులో సిమెంటు, ఇసుక లాంటివి నింపినవి. నేల పాడవదు, తుప్పు పట్టదు, చవక. లోపం మందం. అదే బరువున్న ఇనప ప్లేటు కన్నా ఎంతో లావుగా ఉండటంతో డంబెల్ రాడ్ మీద రెండు మూడు ప్లేట్లకే చోటు అయిపోతుంది. ఆరు నెలల తర్వాత బరువు పెంచాలంటే రాడ్ చాలదు. కింద పడి పగిలితే నింపిన పొడి కారి బరువు తగ్గుతుంది. రాసిన బరువుకు, అసలు బరువుకు తేడా కూడా ఉండొచ్చు. కాటాలో తూచుకోవడం మంచిది, ముఖ్యంగా డంబెల్స్ జతలో. జిగ్‌జాగ్ రాడ్ల బరువు తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి దాన్నీ ఒకసారి తూచి రాసిపెట్టుకుంటేనే ఎంత ఎత్తుతున్నామో లెక్క తెలుస్తుంది.

పోత ఇనుము ప్లేట్లు సన్నగా ఉంటాయి, దశాబ్దాలు ఉంటాయి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా పోయేదేమీ లేదు. తీర ప్రాంతాల్లో, విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. రబ్బరు పూత ఉన్నవి అక్కడ మేలు. అన్నింటికన్నా ముందు చూడాల్సింది ప్లేటు మధ్య రంధ్రం. ఇళ్లలో వాడే రాడ్లకు ఒక అంగుళం చుట్టుపక్కల, ఒలింపిక్ రాడ్లకు రెండు అంగుళాల రంధ్రం ఉంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి కలవవు. డంబెల్స్, జిగ్‌జాగ్ రాడ్ రెండూ ఒకే సైజులో తీసుకుంటే అవే ప్లేట్లు రెండింటికీ వాడుకోవచ్చు. ఇంటి సెట్‌కు ఇంతకన్నా పెద్ద పొదుపు లేదు.

వరుస ఇలా పెట్టుకుంటే డబ్బు వృథా కాదు. మొదట ప్లేట్లు మార్చే డంబెల్స్ జత, చిన్న ప్లేట్లు. కొన్ని నెలలు ఆగకుండా చేయగలమని తేలాక జిగ్‌జాగ్ రాడ్. ఆ తర్వాత బెంచీ. మణికట్టు, మోచేయి నొప్పి లేనివాళ్లకు తిన్నని రాడ్ కూడా పనికొస్తుంది, కానీ అది తొందరపడి కొనాల్సిన వస్తువు కాదు.

తిండి సంగతి ఇక్కడ పూర్తిగా వదిలేయలేం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువులు ఎత్తేవాళ్ల మీద జరిగిన అధ్యయనాల సమీక్షలో కండ పెరుగుదలకు మేలు 1.6 గ్రాముల దాకా కనిపించింది. 60 కిలోల మనిషికి ఇది 50 గ్రాములకు, 96 గ్రాములకు మధ్య తేడా. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, చికెన్‌తో దీన్ని పూడ్చుకోవచ్చు. కండల కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. కిడ్నీ సమస్యలున్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

## ఒంటరిగా చేసేవాళ్లకు

జిమ్‌లో పక్కన ఎవరో ఒకరు ఉంటారు, ఇంట్లో ఉండరు. పరికరం ఎంపికలో ఈ తేడాకు ఇవ్వాల్సినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదు. బెంచీ మీద పడుకుని రాడ్ నెట్టేటప్పుడు బలం అయిపోతే అది ఛాతీ మీదో మెడ మీదో ఆగుతుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. సేఫ్టీ స్టాండ్ లేని చోట రాడ్‌తో బెంచ్ ప్రెస్ పెట్టుకోకపోవడమే సరైన నిర్ణయం. నేల మీద పడుకుని డంబెల్స్‌తో చేసే ఫ్లోర్ ప్రెస్‌లో మోచేతులు నేలకు ఆగిపోతాయి, బరువు పక్కకు దించేయొచ్చు. ట్రైసెప్స్‌కు అందేది రాడ్ కన్నా కొంత తక్కువైనా ఒంటరిగా చేసేవాళ్లకు ఆ మార్పిడి లాభమే.

పడుకుని రాడ్‌ను నుదుటి మీదికి దించే స్కల్ క్రషర్‌లోనూ చిన్న మార్పు చాలు. నుదుటికి బదులు తల వెనక్కి దించితే చేయి జారినా ముఖం మీద పడదు, పొడవు పాయ కూడా కొంచెం ఎక్కువ సాగుతుంది. మోచేతి నొప్పి కూడా ఇలా చేస్తే చాలామందికి తగ్గుతుంది.

తలపైకి డంబెల్ ఎత్తే ముందు రెండు చివర్లా నట్టు బిగుతుగా ఉందో లేదో ప్రతి సెట్‌కూ చూసుకోవాలి. మరలు తిరిగే లాకులు కదలికకు వదులవుతూ ఉంటాయి. లోపల రబ్బరు వాషర్ అరిగిపోతే మార్చుకోవాలి. దాని ఖరీదు చాలా తక్కువ, కానీ తల వెనక వేలాడే ప్లేటును పట్టి ఉంచేది అదే. నొప్పి కండలో కాకుండా కీలులోనో, స్నాయువు ఎముకకు అంటుకునే చోటో ఉండి, రెండు వారాలు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే పరికరం మార్చి చూడటం కాదు, ఎముకల డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో కలవాలి.